దయకూ హక్కుకూ నడుమ: 'వనవాసి' నవలలో అటవీ నిర్వహణ, మానవ సంఘర్షణ

బిభూతిభూషణ్ బందోపాధ్యాయ (1894–1950) బెంగాలీలో రచించిన 'ఆరణ్యక్' నవల 1939లో పుస్తకరూపం పొందింది. సూరంపూడి సీతారాం అనువాదంలో అది 'వనవాసి'గా తెలుగు పాఠకులకు చేరింది. ఈ నవల పేరు వినగానే స్ఫురించేవి వెన్నెల రాత్రులు, కొండవాలున విరిసిన అడవిపూలు, గుర్రంపై ఒంటరిగా సాగే కథకుడు. ప్రకృతి వర్ణనకు ఉదాహరణగా, అడవి అంతరించడంపై వెలువడిన విషాదగీతంగా దీన్ని చదవడం అలవాటైంది. ఆ పఠనం తప్పు కాదు. అయితే అందులో నవల సగమే కనిపిస్తుంది. కథకుడు సత్యచరణ్ అడవికి కవిగా వెళ్లలేదు, యాత్రికుడిగానూ వెళ్లలేదు. జమీందారీ మేనేజరుగా వెళ్లాడు. అతని ముందు అర్జీలుంటాయి, కౌలు దస్తావేజులుంటాయి, మేత పన్ను లెక్కలుంటాయి, యాజమాన్యం నుంచి వచ్చే ఉత్తరాలుంటాయి. 'వనవాసి' అడవి గురించిన నవల ఎంతో, అడవి నిర్వహణ గురించిన నవల కూడా అంతే. ఈ రెండో పార్శ్వాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

అనువాద శీర్షిక దగ్గరే ఒక చిక్కు ఉంది. 'ఆరణ్యక్' అనే మూల శీర్షిక అడవికి చెందినదాన్ని సూచిస్తుంది. వేదవాఙ్మయంలోని ఆరణ్యకాల స్ఫురణ కూడా అందులో ఉంది. 'వనవాసి' అనే తెలుగు శీర్షిక దృష్టిని స్థలం నుంచి మనిషి వైపు మళ్లిస్తుంది. ఇంతకూ ఈ నవలలో వనవాసి ఎవరు? కలకత్తా నుంచి ఉద్యోగానికి వచ్చి, పని ముగించుకొని తిరిగి కలకత్తా చేరిన సత్యచరణ్ వనవాసి కాడు. గంగోతా రైతులు, పశువుల కాపరులు, సంతాల్ రాజు దోబ్రు పన్నా, అతని మునిమనుమరాలు భానుమతి ఆ మాటకు తగినవారు. శీర్షిక వారిని పిలుస్తుంది. కథ మాత్రం మేనేజరు గొంతులో నడుస్తుంది. ఈ ఎడాన్ని అనువాదకుడు ఉద్దేశించినా ఉద్దేశించకపోయినా, తెలుగు ప్రతిని చదివేవారికి అది ఉపయోగపడే ఎడమే.

ఉద్యోగ స్వరూపం

సత్యచరణ్ కలకత్తాలో చదువుకొని ఉద్యోగం దొరకక తిరుగుతున్న యువకుడు. పాత మిత్రుడు అవినాశ్ తన కుటుంబానికి బీహారులో ఉన్న జంగిల్ మహల్‌కు మేనేజరుగా అతన్ని పంపిస్తాడు. రచయిత స్వయంగా 1920లలో భాగల్పూర్ ప్రాంతంలోని ఒక జమీందారీలో సహాయ మేనేజరుగా పనిచేశాడు. నవలలోని కార్యాలయ వివరాల స్పష్టతకు ఆ అనుభవం ఆధారం. సత్యచరణ్ బాధ్యత అడవిని కాపాడటం కాదు. వేల బీఘాల అడవిని రైతులకు కౌలుకిచ్చి, భూమి స్వాధీనం చేసేటప్పుడు వారి నుంచి ముందుగా 'సలామీ' అనే నజరానా రాబట్టి, ఆ తరువాత ఏటేటా శిస్తు వసూలు చేయడం అతని పని. 1793 నాటి శాశ్వత శిస్తు నిర్ణయం వల్ల జమీందారు ప్రభుత్వానికి చెల్లించవలసిన మొత్తం స్థిరపడింది. కొత్త నేల సాగులోకి వచ్చినప్పుడు పెరిగే రాబడి జమీందారుదే. కాబట్టి ఆ వ్యవస్థలో నిలబడి ఉన్న అడవి అంటే ఇంకా చేతికి అందని ఆదాయం.

ఈ జమీందారీ అడవికి పక్కనే మోహన్‌పురా రిజర్వు అడవి ఉన్నట్లు నవల చెబుతుంది. రెండు రకాల నిర్వహణలు ఒకే చోట హద్దు పంచుకుంటున్నాయన్న మాట. ఒకటి మనుషుల ప్రవేశాన్ని నియంత్రించి చెట్లను తన సొత్తుగా ఉంచుకొనే ప్రభుత్వ నిర్వహణ. మరొకటి చెట్లను తొలగించి మనుషులను దించే జమీందారీ నిర్వహణ. పైకి విరుద్ధంగా కనిపించే ఈ రెండింటిలోనూ అక్కడ అంతకుముందు నుంచి బతుకుతున్నవారి మాటకు చోటు లేదు. నవల ఈ సంగతిని సిద్ధాంతంగా చెప్పదు, భౌగోళిక వివరంగా పక్కన పెట్టి ముందుకు సాగుతుంది.

దియారా రైతులు

'వనవాసి'పై తెలుగులో జరిగే చర్చలో అంతగా ప్రస్తావనకు రాని ఘట్టం దియారా భూములది. నవల మొత్తానికి అది తాళంచెవి వంటిది. నది కోతకు దశాబ్దాల క్రితం మునిగిపోయిన నేల మళ్లీ బయటపడింది. దానిపై రెల్లు, ఝావు పొదలు దట్టంగా పెరిగాయి. నేల మునిగినప్పుడు ఊళ్లు విడిచి చెల్లాచెదురైన పాత రైతులు తాతతండ్రుల భూమి తిరిగి ఇవ్వమని వచ్చి వేడుకుంటారు. జమీందారీ యాజమాన్యం ఒప్పుకోదు. కొత్తవారికి ఇస్తే పెద్ద సలామీ వస్తుంది, శిస్తు రేటూ పెంచవచ్చు. పాతవారిని ఒకసారి నేల మీదికి రానిస్తే పూర్వపు హక్కును చట్టప్రకారం అడగగలరు. కాబట్టి వారిని అసలు కాలు పెట్టనివ్వకూడదన్నది పైనుంచి వచ్చిన ఆజ్ఞ.

సత్యచరణ్‌కు వారి మీద జాలి కలుగుతుంది. అయినా ఆజ్ఞను పాటిస్తాడు. ఇక్కడ యాజమాన్యపు తర్కాన్ని నిదానంగా గమనించాలి. పాత రైతుకు హక్కు లేదని యాజమాన్యం అనుకోవడం లేదు. హక్కు ఉందని తెలుసు కనుకనే భయపడుతోంది. హక్కు ఉన్నవాడిని దూరంగా ఉంచి, హక్కు లేనివాడిని డబ్బు తీసుకొని దించడం ఈ నిర్వహణలోని మొదటి సూత్రం. కొత్త రైతు జమీందారుకు కృతజ్ఞుడై ఉంటాడు, పాత రైతు సమవుజ్జీగా నిలబడతాడు.

ఈ ఘట్టం తరువాత నవలలో అడవి నరికివేత ఊపందుకుంటుంది. ఫుల్కియా బైహార్, నాఢా బైహార్, లవటులియా వరుసగా సాగులోకి వస్తాయి. అడవి నశించడానికి కారణం మనుషుల ఆకలి అని కథకుడు పలుచోట్ల సూచిస్తాడు. నవల అందించే సాక్ష్యం ఆ సూచనను సమర్థించదు. నది ఒడ్డున తమ పాత నేల కోరినవారిని కాదన్నదీ, లోపలి అడవికి కొత్తవారిని పిలిచి ఎక్కించిందీ ఒకే సలామీ. పాత రైతు కోల్పోయిన భూమికి, కథకుడు కోల్పోయిన అడవికి కారణం ఒకటే. కానీ ఈ రెండు నష్టాలూ కథకుని మనసులో వేర్వేరు గదుల్లో ఉంటాయి. అడవి నష్టానికి అధ్యాయాల కొద్దీ దుఃఖం దక్కింది. రైతు నష్టానికి దక్కింది కొద్దిపాటి జాలి. నవల చివర సత్యచరణ్ అడవి దేవతలను క్షమాపణ వేడుకుంటాడు. ఆ క్షమాపణలో దియారా రైతుల ప్రసక్తి లేదు.

ఇది రచయిత లోపమా, కథకుని లోపమా అన్నది విమర్శకులు విడదీసి చూడవలసిన విషయం. దియారా ఘట్టాన్ని నవలలో చేర్చినవాడు బిభూతిభూషణ్. దాన్ని మరిచిపోయేవాడు సత్యచరణ్. రచయిత ఆ ఘట్టాన్ని వదిలేసి ఉంటే నవల మరింత 'స్వచ్ఛమైన' ప్రకృతి కావ్యమయ్యేది. వదలలేదంటే, తన కథకుని దుఃఖాన్ని పూర్తిగా నమ్మవద్దని పాఠకునికి ఒక ఆధారం మిగిల్చాడనే అనుకోవాలి.

దయగల మేనేజరు

సత్యచరణ్ క్రూరుడు కాడు. అతడు దుర్మార్గుడై ఉంటే నవల ఇంత కలవరపెట్టేది కాదు. తన కొడుక్కి తహసీలుదారు పని వేయించమని నందలాల్ ఓఝా లంచం చూపినప్పుడు తిరస్కరించి, అతని వైరాన్ని కొనితెచ్చుకుంటాడు. పూజలోనూ పుస్తకంలోనూ కాలం గడిపే నిరుపేద బ్రాహ్మణుడు రాజూ పాండేకు రెండు బీఘాల అడవి నేల ఇస్తాడు. అతడు దాన్ని సకాలంలో బాగుచేయకపోయినా వెళ్లగొట్టడు. రాజపుత్ర వడ్డీ వ్యాపారి భార్యగా ఒకప్పుడు సుఖంగా బతికి, భర్త మరణం తరువాత వెలివేతకు గురై, పొలాల్లో రాలిన గింజలు ఏరుకొని పిల్లలను సాకుతున్న కుంతకు చివరిలో సలామీ లేకుండా భూమి కేటాయిస్తాడు. చలిరాత్రి మేనేజరు విస్తరిలో మిగిలిన అన్నం కోసం ఆమె కచేరీ బయట కాచుకొని ఉండే దృశ్యాన్ని చదివినవారు, ఆ కేటాయింపు దగ్గర ఊపిరి పీల్చుకుంటారు.

ఆ ఊరటను ఒక్క క్షణం పక్కన పెట్టి చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది. నవలలో న్యాయం జరిగిన ప్రతి సందర్భంలోనూ అది మేనేజరు ఇష్టాన్ని బట్టి జరిగింది. కుంతకు ఆ భూమి మీద హక్కేమీ లేదు. దయ వల్ల లభించింది. దియారా రైతులకు హక్కు ఉంది, దయ చాలలేదు. రాజూ పాండే మంచితనం మేనేజరుకు నచ్చింది కనుక అతడు నిలిచాడు. నచ్చే అవకాశమే లేకుండా గుంపుగా వచ్చి గుంపుగా వెనుదిరిగిన పాత రైతుల్లో ఏ ఒక్కరికీ నవలలో పేరు కూడా లేదు. పేరున్నవారికి భూమి, పేరులేనివారికి నిరాకరణ: కథనశిల్పమూ పాలనాపద్ధతీ ఇక్కడ ఒకే దారిలో నడిచాయి. మేనేజరు దగ్గర మనుషులు పాత్రలైతే గట్టెక్కుతారు, అర్జీదారులుగా మిగిలితే మునుగుతారు.

దీనికి నవలలోనే ఒక విలక్షణమైన ప్రత్యామ్నాయం ఉంది. ధావతాల్ సాహు వడ్డీ వ్యాపారి. లక్షాధికారి అని పేరు. మాసిన బట్టతో, ఎక్కడో చెట్టుకింద కూర్చొని సత్తుపిండి తింటూ కనిపిస్తాడు. అతని దగ్గర కాలదోషం పట్టిన అప్పుపత్రాలు కట్టలుగా ఉంటాయి. దావా వేసి వసూలు చేసుకోగలిగిన కాలంలో వేయలేదు. ఎగవేసినవారి మీద కోపమూ లేదు. జమీందారీ అవసరానికి మేనేజరే అతని దగ్గర అప్పు చేస్తాడు. కాలం గడిచిపోవడమనే ఒకే సంగతిని ఇద్దరు ఎలా వాడుకున్నారో గమనించదగినది. ధావతాల్ తన హక్కునే కాలదోషానికి వదిలేశాడు. జమీందారీ మాత్రం ఎదుటివాడి హక్కుకు కాలదోషం పట్టించే పనిలో ఉంది. వడ్డీ వ్యాపారి అంటే పీల్చిపిప్పిచేసేవాడే అన్న మూసను తెలుగు నవల దశాబ్దాలుగా మోసింది. ఆ మూసకు అలవాటుపడిన పాఠకునికి ధావతాల్ సాహు నమ్మశక్యంగా అనిపించకపోవచ్చు. అతనికి ఎదురుగా రాస్ బిహారీ సింగ్ ఉన్నాడు కనుక నవల అమాయకంగా రాసినదని అనడానికి వీలులేదు.

బలం, బంట్రోతులు

సంఘర్షణ నేరుగా దొమ్మీ రూపం దాల్చిన ఘట్టం ఛటు సింగ్‌ది. కొత్తగా భూమి పొందిన రాజపుత్రులు కర్రలు పట్టిన మనుషులను కూడగట్టి, గంగోతాలు పండించిన పంటను బలవంతాన దోచుకోబోతారు. సత్యచరణ్ తన సిపాయిలతో అడ్డుపడి, పోలీసుల సాయంతో దాన్ని నిలువరిస్తాడు. మేనేజరుగా అతని నిబ్బరం కనిపించే సందర్భం ఇది. అయితే ఛటు సింగ్‌కు అక్కడ భూమి ఎలా వచ్చింది? కచేరీయే ఇచ్చింది. సలామీ చెల్లించగల స్తోమత ఎవరికి ఉంటుందో, కర్రల బలం కూడా వారికే ఉంటుంది. డబ్బు ప్రాతిపదికన మనుషులను ఎంచుకున్న నిర్వహణ, ఆ ఎంపిక ఫలితంగా పుట్టిన తగవును తానే తీర్చి, ధర్మం నిలబెట్టానని తృప్తిపడుతుంది. సత్యచరణ్ ధైర్యాన్ని తక్కువ చేయనక్కరలేదు. కానీ ఆ ధైర్యం అవసరమైన పరిస్థితిని అతని సంతకమే కల్పించింది.

కచేరీ దిగువ సిబ్బంది చిత్రణ ఈ నవలలో మరో విశేషం. సిపాయి మునేశ్వర్ సింగ్ మేనేజరు దగ్గరకు వచ్చి ఎంతో సంకోచంగా కోరేది ఒక ఇనుప బాణలి. అది ఉంటే వండుకోవచ్చు, నలుగురిలో విలువ ఉంటుంది అన్నది అతని ఆశ. ఎంతో కాలంగా మనసులో పెట్టుకున్న కోరిక అది. ఆ వివరం చిన్నది. కానీ జమీందారీ అధికారానికి అడవిలో కనిపించే రూపమైన ఆ సిపాయి, తాను అదిలించే గంగోతా రైతు కంటే పెద్దగా మెరుగైన స్థితిలో లేడని అది చెబుతుంది. అటవీ సంఘర్షణల్లో ఎదురెదురుగా తారసపడేది తరచు ఇద్దరు పేదలే. ఆజ్ఞ ఇచ్చినవారు ఆ దరిదాపుల్లో ఉండరు. నవలలో జమీందారు కుటుంబం కలకత్తాలో ఉంటుంది. వారు లవటులియా వెన్నెలను చూడలేదు, లవటులియా తగవులనూ చూడలేదు.

జాతీయ పార్కు కల, దోబ్రు పన్నా సమాధులు

అడవి తరిగిపోతున్నకొద్దీ సత్యచరణ్ మనసులో ఒక పరిష్కారం మెదులుతుంది. వేరే దేశమైతే ఇటువంటి చోటును చట్టం చేసి జాతీయ పార్కుగా కాపాడేవారని అనుకుంటాడు. కాలిఫోర్నియాలోని యోసెమిటీ, దక్షిణాఫ్రికాలోని క్రూగర్, బెల్జియన్ కాంగోలోని ఆల్బర్ట్ పార్కులను ఉదాహరిస్తాడు. తన యజమానులకు ప్రకృతి సౌందర్యం అర్థం కాదని, సలామీ, శిస్తు మాత్రమే అర్థమవుతాయని వాపోతాడు. నేటి పాఠకునికి ఇది ముందుచూపుగా అనిపిస్తుంది. కానీ ఆ మూడు పేర్లలో మొదటిదాని చరిత్ర తెలిస్తే ఆ కల అంత నిర్మలంగా ఉండదు. యోసెమిటీ లోయలో నివసిస్తున్న అహ్వానీచీ ప్రజలను 1851లో సాయుధ దళం లోయ నుంచి తరిమివేసింది. తరువాతి తరాలు చూసి మురిసిన 'మానవస్పర్శ లేని' ప్రకృతి, మనుషులను తొలగించగా మిగిలినది. సత్యచరణ్ కోరిన ప్రత్యామ్నాయం లవటులియాలో అమలై ఉంటే చెట్లు నిలిచేవి. మంచీ వంటి కోతకూలీలు, మేతకు వచ్చే కాపరులు అప్పుడు కూడా బయటనే ఉండేవారు.

జాతీయ పార్కు ఆలోచనకు విరుగుడు కూడా నవలలోనే, దోబ్రు పన్నా ఘట్టంలో ఉంది. ఒకప్పటి సంతాల్ తిరుగుబాటులో పాల్గొన్న ఈ వృద్ధరాజు ఇప్పుడు పశువులు కాస్తూ కనిపిస్తాడు. తన పూర్వీకుల గుహను, మర్రిచెట్టు నీడన ఉన్న వంశ సమాధులను అతిథికి చూపిస్తాడు. ఆ చోట సత్యచరణ్ తాను గెలిచిన జాతి వారసుణ్ణని, ఎదుట ఉన్నది ఓడిన జాతి అని గుర్తిస్తాడు. నవలలో అతని చూపు అత్యంత స్పష్టంగా ఉన్నది ఇక్కడే. ఈ అడవికి చరిత్ర ఉంది, రాజవంశం ఉంది, సమాధులున్నాయి. దాన్ని ఆదిమ ప్రకృతి అని పిలవడం ఆ సమాధులను లెక్కలోంచి తీసేయడమే అవుతుంది. భానుమతికి భారతదేశం అన్న పేరే తెలియదని, అది ఏ దిక్కున ఉందని అడిగిందని నవల చెబుతుంది. ఆ ప్రశ్నను అమాయకత్వానికి గుర్తుగా చదవడం పరిపాటి. దాన్ని మరోలా కూడా చదవవచ్చు: ఆమె నేలపై నిర్ణయాలు తీసుకునే దేశం ఆమెకు ఇంతవరకు తన ముఖం చూపలేదు. ఆ ప్రాంతంలో రాగి గని రాబోతుందన్న వదంతి కూడా కథలో వినిపిస్తుంది. ముఖం చూపించే వేళ దగ్గరపడుతోందన్న మాట.

అడవి దున్నల దేవుడు టాండ్‌బారో ప్రస్తావన ఇక్కడ సందర్భోచితం. వేటగాళ్లు తవ్విన గోతుల దగ్గర చేయెత్తి నిలబడి, దున్నల మంద అందులో పడకుండా ఆపుతాడని కాపరుల విశ్వాసం. దానిని జానపద నమ్మకంగా మాత్రమే చూడటం చాలదు. ఏ జంతువును ఎక్కడ, ఎంతవరకు వేటాడవచ్చన్న హద్దును స్థానికులు తమదైన పద్ధతిలో నిలబెట్టుకున్న ఏర్పాటుగా కూడా దాన్ని చదవవచ్చు. రిజర్వు అడవి నిబంధనలకూ జమీందారీ పద్దులకూ ముందే అక్కడ ఒక నిర్వహణ ఉండేది. యుగళప్రసాద్ ఎక్కడెక్కడి నుంచో పూలమొక్కలు తెచ్చి సరస్వతీ కుండం ఒడ్డున నాటే దృశ్యం అందరికీ ఇష్టమైనది. టాండ్‌బారోకు ఆ ప్రాచుర్యం దక్కలేదు. నాటడం కనిపించినంతగా ఆపడం కనిపించదు కాబోలు.

తెలుగు నేలపై ఈ పఠనం

తెలుగు ప్రాంతాల అటవీ చరిత్ర ఈ నవలకు దూరమైనది కాదు. సత్యచరణ్ కచేరీ వసూలు చేసిన మేత పన్నుకు తెలుగులో పుల్లరి అని పేరు. 1921–22లో పల్నాడులో పుల్లరి వ్యతిరేక ఉద్యమం నడిచింది. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో మరణించాడు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడును, అడవి ఫలసాయాన్ని కట్టడి చేసిన నేపథ్యంలో 1922–24 మన్యం తిరుగుబాటు వచ్చింది. నిజాం రాజ్యంలో 1940లో జోడేఘాట్ వద్ద కొమురం భీము పోరాటం రక్తపాతంతో ముగిసింది. ఆ తరువాత నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ చేత గోండుల పరిస్థితిపై అధ్యయనం చేయించింది. ప్రాణాలు పోయాక నివేదిక రావడం అటవీ పాలనలో ఆనవాయితీ.

ఈ చరిత్ర నుంచి పుట్టిన తెలుగు సాహిత్యం సహజంగానే తిరగబడినవారి పక్షాన నిలిచింది. సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన 'కొమురం భీము' నవల ఇందుకు బలమైన ఉదాహరణ. అక్కడ అడవి అందం కోసం ఆగి చూసే తీరిక ఎవరికీ లేదు. అడవి పని, తిండి, ఇల్లు. దానిలోని ప్రధాన స్వరం దయ అర్థించదు; హక్కు అడుగుతుంది. సత్యచరణ్ కచేరీ గుమ్మం ముందు నిలబడిన దియారా రైతులకు గొంతు ఇచ్చి ఉంటే ఎలా ఉండేదో 'కొమురం భీము' చదివితే ఊహించవచ్చు. ఆ నవలకు ఉన్న శక్తి అది. పరిమితి కూడా అక్కడే ఉంది. జంగ్లాత్ సిబ్బంది అందులో ఒక సమూహంగా, పీడకశక్తి చేతులుగా కనిపిస్తారు. చేతుల వెనుక మనిషి ఎలా ఆలోచిస్తాడో, ఇష్టం లేని ఆజ్ఞకు ఎలా అలవాటుపడతాడో తెలుసుకోవడానికి 'వనవాసి' వంటి ప్రతి అవసరమవుతుంది. మంచివాడు కూడా అదే పని చేస్తాడని, దుఃఖిస్తూ చేస్తాడని చూపడం పీడకుణ్ణి దుర్మార్గుడిగా చూపడం కంటే కఠినమైన విమర్శ.

ఇది సాహిత్య విషయం మాత్రమే కాదు. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పోడు వివాదాల నేపథ్యంలో ఒక అటవీ రేంజి అధికారి హత్యకు గురయ్యాడు. అమ్రాబాద్, కవ్వాల పులుల అభయారణ్యాల లోపలి గూడేల తరలింపు గురించిన వాదోపవాదాలు సాగుతూనే ఉన్నాయి. మొక్కలు నాటడానికి వెళ్లిన సిబ్బందికీ, ఆ నేల తమదన్న సాగుదారులకూ మధ్య జరిగే ఘర్షణను 'అడవికీ మనిషికీ పోరు' అనడం సులభం. దియారా ఘట్టం చదివినవారు అలా అనలేరు. ఎవరికి ఏ నేల, ఏ కాగితం ఆధారంగా, ఎవరి రాబడి కోసం అన్న ప్రశ్నలు తేలకుండా వదిలిపెట్టిన చోట, కింది ఉద్యోగీ సాగుదారూ ఒకరికొకరు శత్రువులవుతారు.

2006 అటవీ హక్కుల చట్టం ఈ నేపథ్యంలో భాషాపరంగా కూడా ఆసక్తికరమైనది. దాని పేరులోనే ఉన్న మాట 'గుర్తింపు'. పీఠికలో చారిత్రక అన్యాయం ప్రస్తావన ఉంది. అంటే హక్కు ముందే ఉంది, ప్రభుత్వం దాన్ని ఆలస్యంగా గుర్తిస్తోంది అని చట్టం ఒప్పుకుంటుంది. వ్యవహారంలో స్థిరపడిన మాట వేరు. 2023 జూన్‌లో తెలంగాణలో నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు భూములకు పట్టాలు ఇచ్చినప్పుడు సభల్లోనూ పత్రికల్లోనూ వినిపించినది 'పంపిణీ'. గతంలో భూమి ఇచ్చిన సందర్భాల్లోనూ ఇదే మాట వాడారు కనుక దీన్ని ఏ ఒక్క ప్రభుత్వానికో అంటగట్టలేము. గుర్తింపు పొందినవాడు హక్కుదారు. పంపిణీ పొందినవాడు లబ్ధిదారు. దియారా రైతును తోసిపుచ్చి కుంతకు భూమి ఇచ్చిన సత్యచరణ్ చేసింది కూడా, ఈ పదజాలంలో చెప్పాలంటే, పంపిణీయే.

ఆ చట్టం కింద రూపొందిన నియమావళి, హక్కును నిరూపించే సాక్ష్యాల్లో ఊరి పెద్దల వాంగ్మూలాన్ని కూడా చేర్చింది. దరఖాస్తులను స్వీకరించి పరిశీలించే ప్రక్రియను గ్రామసభతో మొదలుపెట్టింది. ఇది నది మింగిన నేలను తలచుకుంటూ కచేరీకి వచ్చినవారి దగ్గర ఉన్న ఏకైక ఆస్తి. వారికి తమ పొలం ఎక్కడుందో తెలుసు, హద్దులు తెలుసు, తాత పేరు తెలుసు, కాగితం లేదు. వారి జ్ఞాపకాన్ని సాక్ష్యంగా స్వీకరించే ఏర్పాటు ఉండి ఉంటే మేనేజరు జాలితో పని ఉండేది కాదు. అప్పుడు లోపలి అడవి నిలిచేదా, లేక సలామీ మరో దారి వెతుక్కునేదా అన్నది వేరే ప్రశ్న. దానికి నవల జవాబు చెప్పదు. సరస్వతీ కుండాన్ని ఎవరికీ కౌలుకివ్వకుండా ఆపడానికి సత్యచరణ్ చేతనైనంత కాలం ప్రయత్నించి, ఉద్యోగం ముగిశాక వెళ్లిపోయాడని మాత్రం చెబుతుంది.